పితు, ఫితు, హికు: ఆస్ట్రోనేషియన్ భాషల ధ్వని నియమాలను మీరే పట్టుకోవడం ఎలా

జావనీస్‌లో ఏడును “పితు” అంటారు. ఫిలిప్పీన్స్‌లోని టగాలోగ్‌లో “పితొ”, మడగాస్కర్‌లోని మలగాసీలో “ఫితు”, సమోవాలోనూ “ఫితు”, హవాయిలో “హికు”. చివరిదాన్ని చూస్తే ఇది వేరే మాటేమో అనిపిస్తుంది. నిజానికి ఇవన్నీ ఒక్క మాటే. వీటన్నిటికీ మూలమైన పాత భాషలోని ప హవాయిలో హ అయింది, త అక్కడ క అయింది. ఈ ఒక్క మాటలోనే అలా జరిగి ఉంటే దానికి విలువ ఉండేది కాదు. ఆ భాషకు తరతరాలుగా వస్తున్న మాటల్లో ఎక్కడ చూసినా అదే మార్పు కనిపిస్తుంది కాబట్టే దాన్ని నియమం అంటున్నాం.

తెలుగువాళ్లకు ఇది బొత్తిగా కొత్త సంగతేమీ కాదు. మన పాలు కన్నడంలో హాలు, మన పులి అక్కడ హులి, పువ్వు హూవు, పది హత్తు. పాత కన్నడంలో ఉన్న ప తర్వాత హ అయింది. ఇలాంటి క్రమాలను ఓపిగ్గా పేర్చే భద్రిరాజు కృష్ణమూర్తి గారు తెలుగు ధాతువుల చరిత్రను 1961లో పుస్తకంగా తెచ్చారు. అదే పద్ధతిని మడగాస్కర్ నుంచి ఈస్టర్ దీవి దాకా, తైవాన్ నుంచి న్యూజిలాండ్ దాకా పరుచుకున్న ఆస్ట్రోనేషియన్ కుటుంబంలోని 1200 పైచిలుకు భాషల మీద ఎలా వాడాలో ఇక్కడ మెట్టు మెట్టుగా చెబుతాను. భాషాశాస్త్రంలో డిగ్రీ అక్కర్లేదు. ఓపిక, ఒక స్ప్రెడ్‌షీట్, నాలుగు నిఘంటువులు ఉంటే చాలు.

మొదలుపెట్టే ముందు ఒక జాగ్రత్త. ఆస్ట్రోనేషియన్ వేరు, ఆస్ట్రోఏషియాటిక్ వేరు. శ్రీకాకుళం, పార్వతీపురం కొండల్లో మాట్లాడే సవర, మేఘాలయలోని ఖాసీ, నికోబార్ దీవుల భాషలు రెండో కుటుంబానివి. పేర్లు దగ్గరగా ఉన్నాయని డేటాను కలిపేస్తే మొదటి రోజే పని పాడవుతుంది.

మొదటి మెట్టు: ప్రశ్నను చిన్నది చేసుకోండి

“ఆస్ట్రోనేషియన్ భాషల ధ్వనులు” అనేది ప్రశ్న కాదు. “పాత ప ధ్వని ఈ ఐదు భాషల్లో ఏమైంది?” అన్నది ప్రశ్న. ఐదారు భాషలు, రెండు మూడు హల్లులు తీసుకుంటే మొదటి విడతకు సరిపోతుంది.

ఈ రంగానికి పునాది వేసిన ఒట్టో డెంప్‌వోల్ఫ్ కూడా అలాగే పరిధి గీసుకున్నాడు. ఆయన జర్మన్ డాక్టర్. న్యూగినీలో వైద్యుడిగా పని చేసి, తర్వాత హాంబుర్గ్‌లో భాషల ప్రొఫెసర్ అయ్యాడు. 1934 నుంచి 1938 మధ్య మూడు సంపుటాలుగా వచ్చిన తన పుస్తకంలో ముందు టగాలోగ్, సుమత్రాలోని తోబా బతక్, జావనీస్ అనే మూడు భాషలతోనే పాత ధ్వనుల పట్టీ కట్టాడు. ఆ తర్వాత దాన్ని మరో ఎనిమిది భాషల మీద పరీక్షించాడు. కొద్ది భాషలతో కట్టి మిగతావాటితో పరీక్షించడం అనే ఆ వరస ఇప్పటికీ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మంచి దారి.

మీకు నేను సూచించే జట్టు: మలయ్, టగాలోగ్, మలగాసీ, సమోవన్, హవాయియన్. ఇవి ఒకదానికొకటి దూరం, పైగా అన్నిటికీ మంచి నిఘంటువులు ఉన్నాయి. మలయ్‌లో పాత మాట పోయిన చోట జావనీస్‌ను తోడు తెచ్చుకోవచ్చు.

రెండో మెట్టు: ఏ మాటలు ఏరుకోవాలి

శరీర భాగాలు, అంకెలు, నిప్పు, నీళ్లు, ఆకాశం, పేను, చేప, తాగడం, ఏడవడం. ఇలాంటి మాటలు తొందరగా మారవు, పక్క భాష నుంచి తేలిగ్గా రావు. సైమన్ గ్రీన్‌హిల్, రాబర్ట్ బ్లస్ట్, రస్సెల్ గ్రే కలిసి తయారుచేసిన ఆస్ట్రోనేషియన్ మౌలిక పదజాల డేటాబేస్ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఒక్కో భాషకు 210 అర్థాల జాబితా ఉంటుంది. అందులోంచి 60, 70 మాటలు తీసుకుంటే మొదటి విడతకు చాలు.

బ్లస్ట్ జీవితమంతా కట్టుకుంటూ వచ్చిన ఆస్ట్రోనేషియన్ తులనాత్మక నిఘంటువు కూడా ఉచితమే. హవాయి విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆయన 2022లో చనిపోయారు. ఆ నిఘంటువులో పాత రూపాలన్నీ సిద్ధంగా ఉంటాయి. అందుకే దాన్ని ముందే తెరవకండి అని గట్టిగా చెబుతాను. లెక్క చెయ్యకముందే జవాబు చూసుకుంటే లెక్క రాదు. మీ వరసలు మీరు పేర్చుకున్నాక సరిచూసుకోవడానికి అంతకన్నా మంచి పుస్తకం లేదు.

కొన్ని గళ్లు ఖాళీగా మిగులుతాయి, కంగారు పడొద్దు. మలయ్‌లో మూడు “తిగ”, ఏడు “తుజుహ్”, తొమ్మిది “సెంబిలన్”. పాత “తెలు”, “పితు” జాతి మాటలు అక్కడ పోయాయి. మాట ఎందుకు పోయిందన్నదానికి ఒక్కోసారి గొప్ప కథ ఉంటుంది. తహీతిలో “పీ” అనే ఆచారం ఉండేది. రాజు పేరులో ఉన్న ధ్వనులు మామూలు మాటల్లో వస్తే ఆ మాటలను జనం పలకకూడదు. రాజు పొమారే పేరు పుణ్యాన రాత్రికి ఉన్న పాత మాట “పో” పోయి “రు’ఇ” వచ్చింది. రెండుకు “రువ” జాతి మాట పోయి “పితి”, ఐదుకు “రిమ” పోయి “పయె” రావడానికీ ఈ ఆచారమే కారణం. అంకెలు తేలిగ్గా మారవని ఇప్పుడే చెప్పాను. తహీతిలో మాత్రం అవి కూడా మారిపోయాయి. అందుకే ఖాళీ గడి మీ నియమానికి వ్యతిరేక సాక్ష్యం కాదు. అది సాక్ష్యం లేకపోవడం మాత్రమే. ఖాళీగానే ఉంచండి, అర్థం దగ్గరగా ఉందని ఇంకో మాట తెచ్చి నింపొద్దు.

ప్రతి మాట పక్కన ఏ నిఘంటువు, ఏ పేజీ అనేది అప్పుడే రాసుకోండి. తర్వాత వెతుక్కోవడం చాలా కష్టం.

మూడో మెట్టు: అక్షరాన్ని కాదు, ధ్వనిని రాసుకోండి

కొత్తవాళ్లు ఎక్కువగా పడిపోయేది ఇక్కడే. ఈ భాషల్లో చాలావాటికి రోమన్ లిపిని మిషనరీలు అమర్చారు. ఒక్కొక్కళ్లు ఒక్కో పద్ధతి పెట్టారు. మలగాసీలో ఇంగ్లిష్ ఓ అక్షరాన్ని “ఉ” అని పలకాలి. సమోవన్‌లో జీ అక్షరం కనిపిస్తే అది గ కాదు, ఙ. కాబట్టి అమెరికన్ సమోవా రాజధానిని మనం పాగో పాగో అని చదివినా, అక్కడివాళ్లు పలికేది “పఙొ పఙొ”. ఫిజియన్‌లో డీ అక్షరం ముందు ఎప్పుడూ ఒక న పలుకుతుంది. విమానాశ్రయం ఉన్న ఊరు పేరును కాగితం మీద చూస్తే నాది అనిపిస్తుంది, పిలిచేది మాత్రం “నంది”. గిర్మిట్ అనే కూలి ఒప్పందాల మీద 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా ఫిజీ వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల వారసులకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ పనికి తెలుగు లిపి చాలా అనువైనది. మనం రోజువారీ రాతలో దాదాపు వదిలేసిన ఙ, ఞ ఇక్కడ నిత్యావసరాలు. దంత్యమైన త, మూర్ధన్యమైన ట, డ వేరువేరుగా రాసుకోవచ్చు. మూడు సంగతులు మాత్రం నోట్‌బుక్ మొదటి పేజీలోనే రాసి పెట్టుకోండి. ఒకటి, ఇక్కడ ఫ అంటే పెదవి మీద పళ్లు ఆనించి పలికే ఫ, ఒత్తు ప కాదు. రెండు, గొంతును క్షణం పాటు బిగించి వదిలే ధ్వని ఒకటి ఈ భాషల్లో పూర్తి స్థాయి హల్లు. దాన్ని నేను ’ గుర్తుతో రాస్తున్నాను. మూడు, మలయ్, జావనీస్‌లలో అకు, ఎకు మధ్యలో పలికే పొట్టి అచ్చు ఒకటి ఉంది. దానికి మీకు నచ్చిన గుర్తు పెట్టుకోండి, ఇక్కడ ఎ తోనే సరిపెడుతున్నాను.

గొంతు బిగింపు గుర్తును చాలామంది టైపింగ్ అలంకారం అనుకుని వదిలేస్తారు. హవాయియన్‌లో ఉన్నవే ఎనిమిది హల్లులు. వాటిలో ఒకదాన్ని వదిలేస్తే ఇక వరసలు ఎలా కుదురుతాయి?

నాలుగో మెట్టు: అరువు మాటలను ఏరేయండి

ఈ మెట్టు దగ్గర మనకు పుట్టుకతో వచ్చిన లాభం ఉంది. మలయ్‌లో భాషను “బహస”, భర్తను “సుఅమి”, భార్యను “ఇస్త్రి”, నేలను “బుమి”, తలను “కెపల” అంటారు. భాష, స్వామి, స్త్రీ, భూమి, కపాలం అని తెలుగు పాఠకుడు చూసీ చూడగానే గుర్తుపడతాడు. టగాలోగ్‌లో ముఖాన్ని “ముఖ” అంటారు, టీచర్ను “గురొ” అంటారు. ఇవన్నీ సంస్కృతం నుంచి వెళ్లినవి. ఇవి రెండు భాషల్లో ఒకేలా ఉన్నాయంటే ఆ రెండూ తోబుట్టువులని కాదు, ఇద్దరూ ఒకే చోట అరువు తెచ్చుకున్నారని. అరబిక్, స్పానిష్, పోర్చుగీస్ మాటలను కూడా నిఘంటువు సాయంతో ఇలాగే తీసెయ్యండి.

అసలు కష్టం తోబుట్టువుల మధ్య అరువు. ఫిజీకి ఉత్తరాన ఉన్న రొటూమా దీవి దీనికి మంచి ఉదాహరణ. రొటూమన్‌లో మూడు “ఫొలు”, ఏడు “హిఫు”, కన్ను “మఫ”. అంటే పాత త అక్కడ ఫ అయింది. కానీ అదే భాషలో త మారకుండా మిగిలిన మాటలూ బోలెడు ఉన్నాయి. బ్రూస్ బిగ్స్ 1965లో ఈ చిక్కుముడి విప్పారు. త ఫ అయిన మాటలు రొటూమన్ సొంతం, త అలాగే ఉన్నవి పొలినేషియన్ పొరుగువాళ్ల నుంచి తర్వాత వచ్చి చేరినవి. ఒకే భాషలో రెండు పొరలన్నమాట. మీ పట్టీలో ఒకే పాత ధ్వనికి ఒక భాషలో రెండు ఫలితాలు కనిపిస్తే, నియమం తప్పని అనేముందు పొరల సంగతి చూడండి. ఒక పొరలో శరీర భాగాలు, ఇంకో పొరలో హోదాలకు, తంతులకు సంబంధించిన మాటలు గుమిగూడి ఉంటే మీ అనుమానం బలపడినట్టే.

ఐదో మెట్టు: వరసలు పేర్చడం

ఇప్పుడు స్ప్రెడ్‌షీట్ తెరిచి, ఒక్కో అర్థాన్ని ఒక్కో అడ్డు వరసగా పెట్టండి.

ఏడు: జావనీస్ పితు, మలగాసీ ఫితు, సమోవన్ ఫితు, హవాయియన్ హికు
నిప్పు: మలయ్ అపి, మలగాసీ అఫు, సమోవన్ అఫి, హవాయియన్ అహి
నాలుగు: మలయ్ ఎంపత్, మలగాసీ ఎఫట్ర, సమోవన్ ఫా, హవాయియన్ హా
మూడు: జావనీస్ తెలు, మలగాసీ తెలు, సమోవన్ తొలు, హవాయియన్ కొలు
కాలేయం: మలయ్ హతి, మలగాసీ అతి, సమోవన్ అతె, హవాయియన్ అకె
కన్ను: మలయ్ మత, మలగాసీ మసు, సమోవన్ మత, హవాయియన్ మక
ఆకాశం: మలయ్ లఙిత్, మలగాసీ లనిట్ర, సమోవన్ లఙి, హవాయియన్ లని
చేప: మలయ్ ఇకన్, సమోవన్ ఇ’అ, హవాయియన్ ఇ’అ
పేను: మలయ్ కుతు, సమోవన్ ’ఉతు, హవాయియన్ ’ఉకు

మాటలను మాటలుగా చూడటం ఆపి, నిలువుగా ఒక్కో ధ్వనిని చూడండి. మొదటి మూడు వరసల్లో ప–ఫ–ఫ–హ అనే జట్టు మూడుసార్లు వచ్చింది. ఇలాంటి జట్టును ధ్వని వరస అందాం. ఒకసారి వస్తే కాకతాళీయం కావచ్చు. మూడు నాలుగు మాటల్లో, వేర్వేరు అచ్చుల పక్కన మళ్లీ మళ్లీ వస్తే అది కాకతాళీయం కాదు. త–త–త–క మరో వరస. ఙ–న–ఙ–న ఇంకోటి. మాటల చివర ఉన్న హల్లులు సమోవన్, హవాయియన్‌లలో పూర్తిగా రాలిపోయాయని, మలగాసీలో చివరి త “ట్ర”గా మిగిలిందని కూడా ఇదే పట్టీ చెబుతోంది.

“కన్ను” దగ్గర ఆగండి. మలగాసీలో మిగతా చోట్ల త అలాగే ఉంది: ఫితు, తెలు, రాయికి “వతు”. కన్నుకు మాత్రం “మసు”. ఇది వరసకు లొంగదు. మత, మసు దగ్గరగానే ఉన్నాయి కదా అని కలిపెయ్యాలనిపిస్తుంది. కలపొద్దు. పక్కన “తేలనివి” అని ఒక షీట్ పెట్టుకుని అందులోకి పంపండి. గ్రీకులో కన్నును “మాతి” అంటారు, అది మలయ్ “మత”కు అచ్చంగా అతికినట్టే ఉంటుంది. అయినా ఆ రెండింటికీ ఏ చుట్టరికమూ లేదు. గ్రీకు, మలయ్‌ల మధ్య ప–ప, త–త అంటూ ఇంకే వరసా నిలబడదు కాబట్టి ఆ మాట తీసి అవతల పెడతాం. “మసు”కూ అదే న్యాయం జరగాలి. నా దృష్టిలో “మత–మాతి” లాంటి పది పోలికల కంటే “పితు–హికు” లాంటి ఒక్క జంట విలువైనది. చూపుకు ఆనని ఆ చుట్టరికాన్ని వరసలే బయటపెట్టాయి.

ఇంకో వరస కూడా చేర్చండి. ఈక లేదా వెంట్రుక: మలయ్ బులు, మలగాసీ వులు, సమోవన్ ఫులు, హవాయియన్ హులు. మలయ్, మలగాసీలలో బ–వ, ప–ఫ అని రెండు దారులు విడిగా ఉన్నాయి. సమోవన్, హవాయియన్‌లలో రెండూ కలిసిపోయాయి. హవాయియన్ హ ఒక్కదాన్నే చూసి పాత ధ్వని ప నా, బ నా అని ఎవరూ చెప్పలేరు. ఒకే సాక్షిని నమ్ముకుని పాత రూపం కట్టొద్దని ఇందుకే అంటారు.

ఆరో మెట్టు: మార్పుల వరస క్రమం తేల్చండి

నాకు అన్నిటికంటే ఇష్టమైన మెట్టు ఇది. హవాయియన్‌లో రెండు మార్పులు జరిగాయి. పాత క గొంతు బిగింపు అయింది: కుతు జాతి మాట “’ఉకు” అయింది. పాత త క అయింది: మత “మక” అయింది. ఏది ముందు?

త ముందు క అయిపోయిందనుకోండి. అప్పుడు పాత క, కొత్త క ఒకే గుంపులో కలిసిపోతాయి. ఆ తర్వాత క గొంతు బిగింపుగా మారితే రెండూ మారాలి. కన్ను “మ’అ” కావాలి, పేను “’ఉ’ఉ” కావాలి. అలా లేవు. కాబట్టి క ముందే తన చోటు ఖాళీ చేసింది, తర్వాతే త అక్కడికి జరిగింది. కాగితం మీద చేసిన ఈ చిన్న తర్కం, ఎవరూ రాసిపెట్టని కాలంలో జరిగిన రెండు మార్పుల్లో ఏది ముందో తేల్చేసింది.

రెండో మార్పు ఆనవాళ్లు రాతలోనూ దొరుకుతాయి. 1778లో కెప్టెన్ కుక్ కవా’ఇ దీవి పేరును “అతూయి” అని రాసుకున్నాడు. రాజు కమేహమేహ పేరును ఆ కాలం యూరోపియన్లు త తో మొదలుపెట్టి రాశారు. అంటే అప్పటికి కొందరి నోట త, కొందరి నోట క పలుకుతున్నాయి. 1826లో మిషనరీలు అక్షరమాలను ఖాయం చేస్తూ ఓటు వేసుకుని మరీ త బదులు క, ర బదులు ల ఎంచుకున్నారు. ని’ఇహౌ దీవిలో మాత్రం త ఇప్పటికీ వినిపిస్తుంది.

సమోవాలో అయితే ఆ రెండో మార్పు ఇప్పుడు మన కళ్ల ముందే ఉంది. అక్కడా పాత క ముందే గొంతు బిగింపు అయిపోయింది: “ఇ’అ”, “’ఉతు”. చర్చిలో, బడిలో, రాతలో త పలుకుతారు. ఇంట్లో, స్నేహితుల మధ్య అదే త క అవుతుంది, న ఙ అవుతుంది. మొదటి పద్ధతిని వాళ్లు “తౌతల లెలెయి” అంటారు, మంచి మాట అని. రెండోదాన్ని “తౌతల లెయఙ”, చెడ్డ మాట అని. ఆ పేర్లను పట్టించుకోకండి, పెద్దలూ పిల్లలూ అందరూ మాట్లాడేది ఆ రెండోదే. నిఘంటువులో “మత” అని ఉన్నా వంటింట్లో వినిపించేది “మక”. ఏ సందర్భంలో విన్న రూపమో రాసుకోకపోతే మీ సమోవన్ వరసలు గందరగోళమవుతాయి.

త క గా మారడం ప్రపంచంలోని మిగతా భాషల్లో అరుదు. ఈ కుటుంబంలో మాత్రం ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఎన్నో చోట్ల జరిగింది. బ్లస్ట్ 2004లో ఈ ఒక్క మార్పు మీదే ప్రత్యేకంగా వ్యాసం రాశారు. దీన్నుంచి మీరు నేర్చుకోవాల్సింది ఒకటుంది. రెండు భాషల్లో ఒకే మార్పు కనిపించినంత మాత్రాన అవి ఒకే కొమ్మవని రాసెయ్యొద్దు.

ఏడో మెట్టు: భాష లోపలే దాగిన హల్లులు

పొలినేషియన్ భాషల్లో మాట చివరి హల్లులు రాలిపోయాయని చూశాం. నిజంగా పూర్తిగా పోయాయా? న్యూజిలాండ్‌లోని మావోరీ భాషలో తాగడం “ఇను”. తాగబడింది అనే అర్థం వచ్చే కర్మణి రూపం “ఇనుమియ”. ఏడవడం “తఙి”, దాని కర్మణి “తఙిహియ”. పట్టుకోవడం “హొపు”, కర్మణి “హొపుకియ”. ఒకచోట మ, ఒకచోట హ, ఒకచోట క. ఏ క్రియకు ఏ హల్లు వస్తుందో మావోరీని ఒక్కదాన్నే చూస్తే తేలదు, బట్టీ పట్టాల్సిందే.

పక్కన మలయ్ పెట్టి చూడండి. తాగడం “మినుమ్”, ఏడవడం “తఙిస్”. టగాలోగ్‌లో తాగడం “ఇనొమ్”. ఇనుమ్ చివరి మ, మావోరీలో మాట చివర రాలిపోయింది కానీ ప్రత్యయం ముందు మధ్యలో చిక్కుకుని బతికిపోయింది. తఙిస్ చివరి స, మావోరీలో స ఎప్పుడూ హ అవుతుంది కాబట్టి హ గా నిలిచింది. సమోవన్‌లో అదే రూపం “తఙిసియ”, అక్కడ స అలాగే ఉంటుంది. ఇది మొదటిసారి అర్థమైనప్పుడు కలిగే సంతోషం కోసమైనా ఈ పని చెయ్యొచ్చు అంటాను. అమెరికన్ భాషావేత్త కెన్నెత్ హేల్ ఈ మావోరీ రూపాల మీద చేసిన చర్చ భాషాశాస్త్ర తరగతుల్లో ఇప్పటికీ నడుస్తోంది. వేలాది ఏళ్ల నాటి హల్లులు ఇవాళ మాట్లాడేవాళ్ల బుర్రలో మాట భాగంగా ఉన్నాయా, ప్రత్యయం భాగంగా ఉన్నాయా అన్నది ఆ చర్చ సారం.

మలయ్‌లోనూ ఇలాంటి పని ఉంది. కొట్టు “పుకుల్”, ముందు ప్రత్యయం చేరితే “మెముకుల్”. రాయి “తులిస్”, “మెనులిస్”. ఊడ్చు “సపు”, “మెఞపు”. పంపు “కిరిమ్”, “మెఙిరిమ్”. శ్వాసాలైన, అంటే గొంతు కంపించకుండా పలికే ప, త, స, క మాయమై వాటి చోట్లో మ, న, ఞ, ఙ కూర్చుంటున్నాయి. నాదాలైన, అంటే గొంతు కంపిస్తూ పలికే బ, ద, గ మాత్రం కదలవు: కొను “బెలి”, “మెంబెలి”. టగాలోగ్‌లో బ కూడా కదులుతుంది: కొనడం “బిలి”, బజారు చేయడం “మమిలి”. ప్రతి భాషకూ ఇలాంటి పట్టీ ఒకటి విడిగా కట్టుకోండి. లేకపోతే “మెముకుల్”లోని మ ను పాత మ అనుకుని తప్పుడు వరసలో పెడతారు.

ఎనిమిదో మెట్టు: జోస్యం చెప్పి చూడండి

నియమం పనికొస్తుందా లేదా అన్నది, దాన్ని కట్టడానికి వాడని మాటల మీదే తేలుతుంది. 19వ శతాబ్దంలో డచ్ పండితుడు వాన్ డెర్ టూక్ పట్టుకున్న వరస ఒకటి తీసుకుందాం. నరం లేదా వేరు: మలయ్ “ఉరత్”, టగాలోగ్ “ఉగత్”, బోర్నియోలోని ఙాజు దయాక్‌లో “ఉహత్”. బియ్యం: మలయ్ “బెరస్”, టగాలోగ్ “బిగస్”, ఙాజు “బెహస్”. కొత్త: “బరు”, “బగొ”. గుడ్డు: “తెలుర్”, “ఇత్లొగ్”. ర–గ–హ వరస ఇది.

ఇప్పుడు మలయ్‌లో తోకను “ఎకొర్” అంటారు. ఫిలిప్పీన్స్ భాషల్లో అది గ తో ముగియాలి అని కాగితం మీద రాసి, అప్పుడు నిఘంటువు తెరవండి. టగాలోగ్‌లో “బుంతొత్” అనే వేరే మాట ఉంటుంది, నిరాశ పడకండి. సెబువానోలో వెతకండి: “ఇకొగ్”.

జోస్యాలన్నీ ఫలించవు. మలయ్ ర అంతా ఒకే పాత ధ్వని నుంచి రాలేదు, మలయ్ ర కు టగాలోగ్‌లో ల వచ్చే ఇంకో వరస కూడా ఉంది. తప్పిన జోస్యాలను కూడా తేదీతో రాసి ఉంచండి. రెండో వరస దొరికేది సాధారణంగా వాటిలోనే.

తొమ్మిదో మెట్టు: దూరపు సాక్షిని పిలవండి

ఇంతవరకు మన పట్టీలో త ఒక్కటే ఉంది. మత లోని త, తెలు లోని త, పితు లోని త అన్నీ ఒకటే అనుకున్నాం. ఇప్పుడు తైవాన్ దక్షిణ కొండల్లోని పైవాన్ భాషను చేర్చండి. మూడు “త్యెలు”, ఏడు “పిత్యు”. కన్ను మాత్రం “మత్స”. ఒకే త అనుకున్నది పైవాన్‌లో రెండు ధ్వనులుగా చీలింది. చుట్టూ ఉన్న అచ్చులతో ఈ చీలికకు కారణం చెప్పలేం. కాబట్టి పాత భాషలోనే రెండు వేర్వేరు హల్లులు ఉండేవి, తైవాన్ బయట ఎక్కడ చూసినా అవి కలిసిపోయాయి. అలాగే రెండుకు మలయ్ “దుఅ” ఉంటే పైవాన్‌లో “డుస”. మధ్యలో ఉన్న స మలయ్‌లో జాడ లేకుండా పోయింది.

ఈ కుటుంబం తైవాన్ నుంచే బయటకు పాకిందని చాలామంది భాషావేత్తలు నమ్మడానికి ఇలాంటి వరసలే ముఖ్య కారణం. 1999లో బ్లస్ట్ ఈ కుటుంబాన్ని పది ప్రధాన శాఖలుగా విభజించారు. అందులో తొమ్మిది తైవాన్‌లోనే ఉన్నాయి. మలయ్, మలగాసీ, హవాయియన్ అన్నీ కలిపి మిగిలిన ఒక్క శాఖ. ఇక్కడా ఆరో మెట్టులో చెప్పిన జాగ్రత్త వర్తిస్తుంది. తైవాన్‌లోనే ఉన్న అమిస్ భాషలో కూడా కన్ను “మత”, ఏడు “పితొ”, అంటే అక్కడా ఆ రెండు హల్లులు కలిసిపోయాయి. ఒక్క కలయికను చూసి శాఖను గీయరు, అలాంటి మార్పులు కట్టగా కనిపించాలి.

పాత రూపాల ముందు నక్షత్రం గుర్తు పెట్టడం మరవకండి: *పితు, *లిమ. ఇది ఎవరూ విన్న మాట కాదు, మనం కట్టిన మాట అని చెప్పే గుర్తు అది.

పదో మెట్టు: చెవితో సరిచూసుకోవడం, రాసి పెట్టడం

నిఘంటువు చెప్పని సంగతులు మనుషులు చెబుతారు. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, మడగాస్కర్ వాళ్లు మీకు తెలిసినవాళ్లలో ఉంటే అడగండి. మలేషియాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు మలయ్ రోజువారీ భాష. అనుమతి తీసుకుని, నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ఫోన్‌లోనైనా సరే కంప్రెస్ చెయ్యని ఫార్మాట్‌లో రికార్డ్ చెయ్యండి. మాటను విడిగా అడగొద్దు, ఒకే వాక్యంలో పెట్టి మూడుసార్లు చెప్పించుకోండి. తర్వాత ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే గొంతు బిగింపు ఉందో లేదో, మధ్య అచ్చు ఎంత పొట్టిదో తెర మీదే కనిపిస్తుంది. పాత రికార్డింగులు కావాలంటే 2003లో ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయాలు మొదలుపెట్టిన పారడిసెక్ ఆర్కైవ్‌లో పసిఫిక్ భాషలవి చాలా ఉన్నాయి.

రాసేటప్పుడు ప్రతి నియమం కింద దానికి ఒదిగిన మాటలన్నీ, ఆ పక్కనే ఒదగని మాటలన్నీ ఇవ్వండి. “మసు” లాంటి వాటిని ఫుట్‌నోట్‌లో దాచొద్దు. చదివేవాళ్లలో ఎవరికైనా మీకు తెలియని ఒక మాండలికం తెలిసి ఉండొచ్చు, ఆ ఒక్క మాటతో మీ తేలని షీట్‌లో సగం తేలిపోవచ్చు. మొదటి పట్టీ పూర్తయ్యాక రెండో పనిగా మలగాసీని బోర్నియోలోని మఆన్యన్ భాష పక్కన పెట్టండి. మడగాస్కర్ భాషకు అతి దగ్గరి చుట్టాలు హిందూ మహాసముద్రం అవతల బరితో నది ఒడ్డున ఉన్నారని ఒట్టో డాల్ 1951లో చూపించింది ఆ రెండింటినీ వరస పేర్చే.